అప్‌డేట్ వచ్చిన రోజుకీ, వేసుకున్న రోజుకీ మధ్య

2017 మే 12, శుక్రవారం. ప్రపంచంలో చాలాచోట్ల ఆఫీసు కంప్యూటర్ల తెరల మీద ఒక ఎర్రటి పెట్టె ప్రత్యక్షమైంది. ఫైళ్లన్నింటికీ తాళం పడిందనీ, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ పంపితేనే తాళం తీస్తామనీ అందులో రాసుంది. మూడు రోజులు దాటితే రేటు రెట్టింపు. వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి. పక్కనే గడియారం సెకన్లు లెక్కపెడుతూ ఉంది. వానాక్రై అనే ఆ రాన్సమ్‌వేర్ కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని తర్వాత అక్కడ అంచనా వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా పోలీసు శాఖకే ఆ సెగ తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి.

ఆ ఎర్రటి తెర అందరికీ గుర్తుండిపోయింది. అంతకంటే ముఖ్యమైన తేదీ ఒకటి ఉంది, మార్చి 14. వానాక్రై ఏ లోపం గుండా దూరిందో, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసిన రోజు అది. అంటే దాడికి 59 రోజుల ముందే మందు వచ్చేసింది. పైసా ఖర్చు లేకుండా వచ్చింది. అప్‌డేట్లు ఆపకుండా ఉంచిన విండోస్ 7, 8.1, 10 కంప్యూటర్లకు దానంతటదే అందింది కూడా. ఆ మరమ్మతు పడిన కంప్యూటర్లలోకి ఈ పురుగు ఆ దారిన రాలేకపోయింది.

హ్యాకర్ అనగానే ఎవరికీ తెలియని కిటుకు కనిపెట్టే మేధావి మనసులో మెదులుతాడు. అలాంటివాళ్లు ఉన్నారు, అయితే వాళ్ల గురి సాధారణంగా ప్రభుత్వాల మీద, పెద్ద కంపెనీల మీద ఉంటుంది. మామూలు మనుషుల కంప్యూటర్ల దగ్గరికి, చిన్న వెబ్‌సైట్ల దగ్గరికి వచ్చేది చాలావరకు మనిషి కూడా కాదు. లోకానికంతటికీ తెలిసిపోయిన లోపాన్ని ఇంకా పూడ్చుకోనివాళ్లు ఎవరా అని ఇంటర్నెట్ మొత్తం జల్లెడ పట్టే ప్రోగ్రామ్. దానికి మీరెవరో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇందులో ఇంకో చిక్కుంది. కంపెనీ మరమ్మతు విడుదల చేయగానే ఆ లోపం ఎక్కడుందో కూడా బయటపడుతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏ వరుసలు మారాయో చూస్తే, ఇన్నాళ్లూ కన్నం ఎక్కడుందో నేరగాళ్లకు అర్థమవుతుంది. కాబట్టి అప్‌డేట్ విడుదలైన రోజు నుంచి, వేసుకోనివాళ్ల పరిస్థితి అంతకుముందుకంటే ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

వానాక్రై విషయంలో ఆ కన్నం విండోస్ ఫైళ్లను, ప్రింటర్లను పంచుకునే ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో, అందులోనూ దాని పాత తరం మొదటి వెర్షన్‌లో ఉంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆ కన్నం గుండా దూరడానికి ఎటర్నల్‌బ్లూ అనే సాధనం తయారుచేసి దాచుకుంది. షాడో బ్రోకర్స్ అని పిలుచుకునే ముఠా 2017 ఏప్రిల్ 14న దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేసింది. సరిగ్గా నాలుగు వారాలకు వానాక్రై వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఏ అటాచ్‌మెంటూ తెరవక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కు సోకితే అదే నెట్‌వర్క్‌లో మరమ్మతు పడని మిగతావాటికి తనంతట తానే పాకుతుంది.

దీనికి అడ్డుకట్ట వేసింది మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు. ఆ ప్రోగ్రామ్ పని మొదలుపెట్టే ముందు ఒక పొంతన లేని వెబ్ చిరునామాకు కబురు పెడుతోందని గమనించి, ఎవరి పేరునా లేని ఆ చిరునామాను సుమారు పది డాలర్లకు కొని రిజిస్టర్ చేశాడు. అటునుంచి జవాబు రావడంతో పురుగు ఆగిపోయింది. పురుగు ఆగింది గానీ కన్నాలు పూడలేదు. ఆరు వారాలు గడిచి జూన్ 27న నాట్‌పెట్యా అనే ఇంకో పురుగు వచ్చింది. అది వాడుకున్న దారుల్లో ఇదే కన్నం ఒకటి. ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన తర్వాత కూడా అప్‌డేట్ పడని కంప్యూటర్లు దానికి దొరికాయి.

మరి ఎందుకు వేసుకోరు? బద్ధకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. తెలుగు ఊళ్లలో ఏ బస్టాండ్ దగ్గరి డీటీపీ షాపుకైనా వెళ్లి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీల మ్యాటర్ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతూ వచ్చాయి. పేజ్‌మేకర్ ఎప్పుడో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్. ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్ తెలుగు అందులో కుదరదు. ఎక్స్‌పీ మీదో విండోస్ 7 మీదో ఒకసారి అన్నీ సర్దుకున్నాక, దాన్ని కదిలిస్తే ఒత్తులు ఎగిరిపోతాయేమో, కీబోర్డు పనిచేయదేమో అన్న టెన్షన్ ఆపరేటర్‌కు నిజంగానే ఉంటుంది. ముహూర్తాల సీజన్‌లో ఒక రోజు సిస్టమ్ ఆగితే ఆ నష్టం ఎవరిస్తారు? ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసిందని చెప్పినంత మాత్రాన ఆ మనిషి ఇబ్బంది తీరదు.

అలాంటి షాపుకు పనికొచ్చే సలహా ఇంకోలా ఉండాలి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఆ ఒక్క సిస్టమ్‌కు ఇంటర్నెట్ కేబుల్ తీసేయాలి, వైఫై ఆపేయాలి. వాట్సాప్ వెబ్, మెయిల్, ఆన్‌లైన్ అప్లికేషన్లు వేరే సిస్టమ్‌లో, కొత్త విండోస్ ఉన్నదాంట్లోనే తెరవాలి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు ఆ కొత్తదాంట్లో పెట్టి స్కాన్ చేశాకే ఫైలు పాతదానికి చేరాలి. జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి ఇంటికొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం చాలామందికి అనుభవమే. ఆ షార్ట్‌కట్ మీద నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాంతోపాటు దాక్కున్న వైరస్ కూడా నడుస్తుంది. అలాగే విండోస్‌లో ఫైలు పేరు చివర ఉండే తోకను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, చూపించే సెట్టింగ్ ఆన్ చేసుకోవడం మంచిది. బిల్లు పీడీఎఫ్ అని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్ఈ అని ఉంటే అది బిల్లు కాదని చూడగానే తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టే పనికి యూనికోడ్‌కు మారడం దీర్ఘకాలంలో మేలు. మండలి, రామభద్ర, సూరన్న వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, ఏ కొత్త కంప్యూటర్‌లోనైనా పనిచేస్తాయి.

రెండో కారణం క్రాక్. సిస్టమ్ నెమ్మదిస్తే షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించి ఓఎస్ వేయించుకోవడం మన దగ్గర మామూలే. ఆ వేసేది చాలాసార్లు దొంగ కాపీ. దాన్ని అసలుదని నమ్మించే యాక్టివేటర్ నడవాలంటే ముందు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపాలి. మళ్లీ తేడా రాకుండా అప్‌డేట్లు కూడా ఆపేసి ఇస్తారు. అలా ఆ కంప్యూటర్ షాపు నుంచి ఇంటికి వచ్చేటప్పటికే తలుపులు తీసి ఉంటాయి. "క్రాక్ వేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అన్న సూచన చాలా డౌన్‌లోడ్ పేజీల్లో కనిపిస్తుంది. కాపలావాడిని బయటికి పంపమని లోపలికి రాబోయేవాడే అడుగుతుంటే, అడిగినట్టే చేస్తున్నాం.

క్రాకులతో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఫైళ్లకు తాళం వేసే రకం కాదు. చప్పుడు చేయకుండా దోచుకునే రకం, ఇన్ఫోస్టీలర్లు అంటారు. రెడ్‌లైన్, లుమ్మా అనేవి వీటిలో పేరుమోసినవి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, కుకీలు నిమిషాల్లో మూటగట్టి పంపేస్తాయి. కుకీల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. జీమెయిల్‌లోకి ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేది బ్రౌజర్‌లో ఒక చీటీ ఉండబట్టే. ఆ చీటీ దొంగ చేతికి చిక్కితే అతనికి పాస్‌వర్డ్‌తో పనిలేదు, ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనూ పనిలేదు. యూట్యూబ్ చానళ్లను ఈ పద్ధతిలోనే కొల్లగొడుతున్నారని గూగుల్ 2021లోనే ప్రకటించింది. యాడ్ ఇస్తామంటూ మెయిల్ పంపి, ఒక సాఫ్ట్‌వేర్ వాడి చూడమంటారు. దాన్ని నడిపిన కొద్దిసేపటికే చానల్ చేతులు మారుతుంది. ఏళ్ల కష్టంతో చానల్ పెంచుకున్నవాళ్లు అలాంటి ఫైళ్లను చానల్ లాగిన్ ఉన్న కంప్యూటర్‌లో ఎప్పుడూ తెరవకూడదు.

ఇక విండోస్ 10. దానికి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, అన్నీ పనిచేస్తాయి, అందుకే తేడా తెలియదు. ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలకు మాత్రం మామూలుగా మరమ్మతు అందదు. విండోస్ 11 పడే కంప్యూటరైతే దానికి మారిపోవాలి. పడకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏడాది పొడిగింపులో నమోదు చేసుకోవాలి, లేదా విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఓఎస్ వేసుకోవాలి. బ్రౌజరు, లిబ్రే ఆఫీస్ తప్ప వేరే అవసరం లేని ఇంటికి లినక్స్ ధారాళంగా సరిపోతుంది.

అప్‌డేట్లన్నీ పక్కాగా ఉన్నా మనిషి చేత్తో తలుపు తీయించే దారి ఒకటి మిగులుతుంది. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగింది దానికి పెద్ద ఉదాహరణ. ఆ బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమయ్యాయి. హైదరాబాద్ పోలీసులు దర్యాప్తు చేసి చెప్పినదాని ప్రకారం, అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబర్‌లో, బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్లలో దూరం నుంచి తమ చేతుల్లోకి తీసుకోగలిగే ట్రోజన్ కూర్చుంది. హ్యాకర్లు తొందరపడలేదు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తుందో గమనించి, ఒక వారాంతం చూసుకుని డబ్బు కదిలించారు. అది దేశంలో వందల ఖాతాల్లోకి చెదిరిపోయింది. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

మెయిల్ తెరిచిన ఆ ఇద్దరిని నిందించడం తేలిక. 200 మెయిళ్లు వస్తే ఎవరో ఒకరు తెరుస్తారు, రోజంతా మెయిళ్లు తెరవడమే వాళ్ల ఉద్యోగం. ఒక గుమాస్తా కంప్యూటర్ దొంగ చేతికి పోయినా అక్కడినుంచి ఖజానాకు దారి ఉండకూడదు. ఆ దారి ఉండటమే ఏర్పాటులోని అసలు లోపం. ఇంట్లో కూడా ఇదే లెక్క. రోజూ వాడే విండోస్ ఖాతా అడ్మినిస్ట్రేటర్ కాకుండా మామూలు యూజర్‌గా ఉంటే, పొరపాటున నడిపిన ప్రోగ్రామ్ చేయగల నష్టానికి ఒక హద్దు ఉంటుంది. పిల్లలు గేమ్‌లు దించుకునే ఖాతా, బ్యాంకు పనులు చేసుకునే ఖాతా ఒకటే కాకూడదు. ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ పెట్టుకుని, గుర్తుపెట్టుకునే భారం పాస్‌వర్డ్ మేనేజర్‌కు వదిలేస్తే ఒకచోట పోయినది ఇంకోచోట తాళంచెవి కాదు. కంప్యూటర్‌లో ఇప్పటికే ఏదైనా చేరిందన్న అనుమానం ఉంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత శుభ్రపరిచే సాధనాలు దొరుకుతాయి. డబ్బు పోయినట్టు తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా దారిలో ఉండగానే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. ఇంటి కంప్యూటర్ రాత్రి ఆపేస్తాం. సైటు 24 గంటలూ వీధిలోనే ఉంటుంది. 2014 అక్టోబర్ 15న, వెబ్‌సైట్లు నడిపే ద్రూపల్ 7 అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద లోపం బయటపెట్టి, అదే రోజు మరమ్మతు ఇచ్చారు. గంటల్లోనే దాడులు మొదలయ్యాయి. రెండు వారాల తర్వాత ద్రూపల్ భద్రతా బృందం చేసిన హెచ్చరిక ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగ్గది. ప్రకటన వెలువడిన ఏడు గంటల లోపు మరమ్మతు వేసుకోని ప్రతి సైటూ హ్యాక్ అయిందనే భావించి ముందుకెళ్లమని అది చెప్పింది. ఆ ఏడు గంటలు కొన్ని దేశాల్లో నిద్ర వేళ.

అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాని వాళ్లు 2017లో ఇంకో పద్ధతి పాటించారు. లాగిన్ కాకుండానే ఎవరైనా సైటులోని వ్యాసాన్ని మార్చేయగల లోపాన్ని జనవరి 26న 4.7.2 వెర్షన్‌లో చడీచప్పుడు లేకుండా పూడ్చి, సైట్లు వాటంతటవే అప్‌డేట్ కావడానికి దాదాపు వారం గడువిచ్చి, ఫిబ్రవరి 1న సంగతి బయటపెట్టారు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపుకున్న సైట్లలో ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే లక్షల పేజీలు చెరిగిపోయాయి. వర్డ్‌ప్రెస్‌లో చిన్న భద్రతా అప్‌డేట్లు దానంతటదే వేసుకునే ఏర్పాటు 2013 నుంచీ ఉంది. సైటుకు అదనపు పనులు నేర్పే ప్లగిన్లకూ ఆ బటన్ 2020లో వచ్చింది. ఇప్పుడు కన్నాలు ఎక్కువగా ప్లగిన్లలోనే బయటపడుతున్నాయి కాబట్టి ఆ బటన్ నొక్కి ఉంచాలి. వాడని ప్లగిన్లను ఆపి ఊరుకోకుండా పూర్తిగా తీసేయాలి. డబ్బుకు అమ్మే థీములను ఉచితంగా ఇస్తామనే నల్డ్ కాపీల్లో దొంగదారి ముందే పెట్టి ఉండటం మామూలు.

ఒక చిన్న పత్రిక, ఒక గుడి ట్రస్టు, ఒక ప్రైవేటు స్కూలు ఎవరితోనో సైటు కట్టించుకుంటాయి. రెండేళ్లకు కట్టినవాళ్లు వేరే ఉద్యోగంలో చేరతారు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. "మా సైటులో ఏముందని హ్యాక్ చేస్తారు?" అని అడుగుతారు. ఆ సర్వర్ నుంచి మెయిళ్లు పంపుకోవచ్చు, దానికి గూగుల్‌లో ఉన్న పేరును వాడుకోవచ్చు, అక్కడికి వచ్చే పాఠకులను జూదం సైట్లకు మళ్లించవచ్చు. ఈ మళ్లింపు చాలాసార్లు ఫోన్ నుంచి, అదీ గూగుల్ వెతుకులాట ద్వారా వచ్చినవాళ్లకు మాత్రమే జరుగుతుంది. చిరునామా నేరుగా టైప్ చేసి చూసుకునే యజమానికి సైటు భేషుగ్గా కనిపిస్తుంది. అందుకే నెలకోసారి తమ సైటు పేరును ఫోన్‌లో గూగుల్ చేసి, అక్కడినుంచి తెరిచి చూడాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు నమోదై ఉంటే ఇలాంటి హెచ్చరికలు మెయిల్‌కు వస్తాయి.

హ్యాకైన సైటును అప్‌డేట్ చేసేస్తే అయిపోదు. లోపలికి వచ్చినవాడు మళ్లీ రావడానికి ఇంకో తలుపు పెట్టుకునే వెళ్తాడు. బొమ్మలు ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్, కనిపిస్తే అది దాదాపుగా అదే. వర్డ్‌ప్రెస్‌నూ ప్లగిన్లనూ అసలు చోటినుంచి మళ్లీ కొత్తగా దించుకుని వేయాలి, యూజర్ల జాబితాలో తెలియని అడ్మిన్ ఉన్నారేమో చూడాలి, డేటాబేస్, హోస్టింగ్ పాస్‌వర్డ్‌లు మార్చాలి. మార్చేముందు ఆ పాస్‌వర్డ్ టైప్ చేయబోయే కంప్యూటర్‌ను శుభ్రం చేసుకోవాలి. 2009లో గుంబ్లార్ అనే మాల్‌వేర్ వెబ్‌మాస్టర్ల సొంత కంప్యూటర్లలో దూరి, అక్కడినుంచి సైటుకు ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లి, వాటితో వాళ్ల సైట్లలోకి దర్జాగా లాగిన్ అయింది. సైటును ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మళ్లీ మురికి చేరుతుంటే, మురికి ఇంట్లోనుంచే వస్తోందేమో చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా ఒకరోజు తప్పించుకోలేకపోవచ్చు. అప్పుడు మిగిలేది బ్యాకప్. నాట్‌పెట్యా దెబ్బకు డెన్మార్క్ నౌకా సంస్థ మేర్స్క్ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. ఏ ఉద్యోగి ఎవరు, ఎవరికి ఏ అనుమతి ఉంది అనే జాబితాను నడిపే సర్వర్లు ఆ సంస్థకు ప్రపంచమంతటా ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందన్న భరోసాతో అవి ఒకదాన్నొకటి నకలు చేసుకుంటూ ఉండేవి. అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకేసారి పోయాయి. ఒక్కటి మిగిలింది, ఘనాలో. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌తో తెగిపోయి ఉంది. అక్కడి ఇంటర్నెట్ వేగంతో అంత సమాచారం పంపడం కుదరక, దాని డిస్కును చేతికిచ్చి, మనుషుల ద్వారా విమానంలో లండన్ చేర్చారు.

మన ఇళ్లలో, షాపుల్లో ముఖ్యమైన ఫైళ్లన్నీ "డి డ్రైవ్"లో పెట్టుకునే అలవాటుంది. ఫార్మాట్ కొట్టినప్పుడు సి డ్రైవ్ ఒక్కటే పోతుంది కాబట్టి డి డ్రైవ్ భద్రం అన్న నమ్మకం అలా వచ్చింది. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్కు మీద గీసిన రెండు గదులు. రాన్సమ్‌వేర్‌కు ఆ గోడ కనిపించదు. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్కుదీ అదే గతి. వారానికోసారి తగిలించి, ఫైళ్లు ఎక్కించి, తీసి బీరువాలో పెట్టే డిస్కు ఒకటి కావాలి. సైటుకైతే హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లోనే ఉండే బ్యాకప్‌తో సరిపెట్టుకోకుండా, డేటాబేస్‌తో సహా ఒక కాపీ ఇంటికి దించుకోవాలి. ఆ కాపీతో ఖాళీ హోస్టింగ్ మీద సైటును ఒక్కసారైనా మళ్లీ నిలబెట్టి చూడాలి. డేటాబేస్ ఫైలు సగమే దిగిందనో, తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారాయనో ఆ రోజే తెలుస్తుంది. దిద్దుకోవడానికి అప్పుడు తీరిక ఉంటుంది.